మీకు తెలుసా? పొటాష్‌కూ మైక్రోవేవ్‌కూ అంత తేలిగ్గా పడదు

ఓవెన్‌లో పెట్టినా వేడెక్కని ఎరువు

మైక్రోవేవ్ వేడితో పొటాష్ ఎరువు తయారు చేయొచ్చు అనగానే ఎవరికైనా తట్టేది ఒకటే. పొటాష్‌ను పెద్ద ఓవెన్‌లో పెట్టి వండేస్తారు కాబోలు అని. తీరా పెడితే అది వేడెక్కదు. 1980లలో అమెరికా బ్యూరో ఆఫ్ మైన్స్‌లో వాల్కీవిచ్, మెక్‌గిల్ తదితరులు రకరకాల ఖనిజాలనూ రసాయనాలనూ మైక్రోవేవ్ ఓవెన్‌లో ఒక్కొక్కటిగా పెట్టి, ఏది ఎన్ని నిమిషాల్లో ఎంత వేడెక్కుతుందో కొలిచారు. 1988లో వచ్చిన వాళ్ల పట్టికను ఈ రంగంలో పనిచేసేవాళ్లు ఇప్పటికీ తిరగేస్తూనే ఉంటారు. అందులో కార్బన్ ఒక్క నిమిషంలో 1283 డిగ్రీల సెల్సియస్‌కు చేరింది. మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం మూడు నిమిషాల్లోపే 1258 డిగ్రీలు అందుకుంది. పొటాషియం క్లోరైడ్, అంటే మనం చేలో చల్లే మ్యూరియేట్ ఆఫ్ పొటాష్‌లోని అసలు సరుకు, నిమిషం తర్వాత ఎంతకు చేరిందో తెలుసా? 31 డిగ్రీలు. మే నెలలో విజయవాడలో నీడన పెట్టిన గిన్నె కూడా అంతకన్నా వేడిగా ఉంటుంది.

వంటింటి ఉప్పు కాస్త నయం. ఏడు నిమిషాలకు 83 డిగ్రీల దాకా వచ్చింది.

అదే పట్టికలో ఇంకో వింత ఉంది. మాగ్నటైట్, హెమటైట్ రెండూ ఇనుము, ఆక్సిజన్ కలిసిన ఖనిజాలే. మొదటిది భగ్గున ఎర్రబడితే రెండోది ఏడు నిమిషాలకు 182 డిగ్రీల దగ్గరే ఆగిపోయింది. ఎర్ర పొటాష్‌కు ఆ రంగు తెచ్చేది ఈ హెమటైట్ రేణువులే. ఎర్రదానికి బలం ఎక్కువని కొందరు రైతులు, తెల్లదే శుద్ధమైనదని మరికొందరు వాదించుకుంటారు. కట్ట మీద రెండింటికీ 60 శాతం పొటాష్ (పొటాషియం ఆక్సైడ్ లెక్కన) అని రాసి ఉన్నప్పుడు పైరుకు తేడా ఏమీ లేదు.

ఎందుకలా?

మైక్రోవేవ్ ఓవెన్‌లో పొయ్యి సెగ ఉండదు. అందులో ఉండే విద్యుత్ క్షేత్రం సెకనుకు 245 కోట్ల సార్లు ఊగుతుంది. ఆ ఊపుకు తగ్గట్టు కదలగలిగిన అణువులు గానీ, విద్యుదావేశం ఉన్న కణాలు గానీ వస్తువులో ఉంటే ఆ కదలికే వేడి అవుతుంది. నీటి అణువు అలా తిరగగలదు. మంచుగడ్డలో అదే అణువు బిగుసుకుపోయి ఉంటుంది గనక మంచు సరిగ్గా వేడెక్కదు. డీఫ్రాస్ట్ నొక్కినప్పుడు ఓవెన్ కాసేపు ఆగి, కాసేపు నడిచేది అందుకే. కరిగిన చోట నీరు మరిగిపోతుంటే పక్కనే గడ్డ గడ్డలాగే ఉండిపోకుండా, మధ్యలో వేడి సర్దుకోవడానికి వ్యవధి ఇస్తుందన్నమాట. పొడి పొటాషియం క్లోరైడ్‌లో అయాన్లు ఉన్నాయి, కానీ స్ఫటికంలో ఎక్కడివక్కడ కట్టుబడి ఉన్నాయి. నీళ్లలో కరిగించి పెట్టండి, గబగబా వేడెక్కుతుంది.

ఓవెన్ తరంగాలు సరిగ్గా నీటి అణువు లయకే కుదిర్చినవి అని పాఠ్యపుస్తకాల్లో కూడా అప్పుడప్పుడు కనబడుతుంది. అది నిజం కాదు. గది ఉష్ణోగ్రతలో నీరు తరంగాలను బాగా పీల్చుకునేది ఓవెన్ తరంగాలకు ఏడెనిమిది రెట్ల పౌనఃపున్యం దగ్గర. పరిశ్రమల్లో అయితే ఇంకా కిందికి, 915 మెగాహెర్ట్జ్‌కు వెళ్తారు. అక్కడ తరంగం పొడవు 33 సెంటీమీటర్లు, ఇంటి ఓవెన్‌లో 12 సెంటీమీటర్లు. పొడవు పెరిగితే సరుకు లోపలికి ఇంకాస్త లోతుగా దిగుతుంది. టన్నుల లెక్కన పని చేసేచోట అది అవసరం.

మరి ఎరువు ఎక్కడి నుంచి?

రాయి నుంచి. పొటాషియం అరుదైన మూలకం కాదు, మన కాళ్ల కిందే ఉంది. గులాబి రంగు గ్రానైట్‌కు ఆ రంగు వచ్చేది చాలావరకు పొటాష్ ఫెల్డ్‌స్పార్ వల్లే. నెల్లూరు జిల్లా గూడూరు వైపు అభ్రకం గనుల చుట్టుపక్కల పలుగురాయితో పాటు ఈ ఫెల్డ్‌స్పార్ కూడా దొరుకుతుంది. తెలంగాణలో మహబూబ్‌నగర్, రంగారెడ్డి ప్రాంతాల్లోనూ ఉంది. లారీల్లో టైల్సు, గాజు, పింగాణీ ఫ్యాక్టరీలకు వెళ్తుంది. స్వచ్ఛమైన పొటాష్ ఫెల్డ్‌స్పార్‌లో 16.9 శాతం పొటాష్ ఉండాలని రసాయన సూత్రం చెబుతుంది. అయినా మన దేశం పైర్లకు వేసే మ్యూరియేట్ ఆఫ్ పొటాష్‌ను దాదాపు మొత్తంగా విదేశాల నుంచే తెప్పించుకుంటోంది.

కారణం రాయి కట్టుబడిలో ఉంది. ఫెల్డ్‌స్పార్‌లో సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ మూడూ అల్లుకుని నాలుగు వైపులా గట్టి గూడు కట్టుకుంటాయి. ఆ గూళ్లలో ఒక్కొక్క పొటాషియం పరమాణువు కూర్చుని ఉంటుంది. వాన నీరు, వేళ్లు వదిలే ఆమ్లాలు ఆ గూడును కొరుకుతూ పోతే కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది, కాకపోతే ఆ పనికి వేల ఏళ్లు పడుతుంది. రాయిని మెత్తగా పొడి చేసి ఈ ఖరీఫ్‌లో చల్లితే ఈ ఖరీఫ్ వరికి అందేది నామమాత్రం.

గూడు పగలగొట్టాలంటే తెలిసిన దారుల్లో ఒకటి కాల్షియం క్లోరైడ్‌తో కలిపి 800, 900 డిగ్రీల వద్ద కాల్చడం. కాల్షియం లోపలికి వెళ్లి కూర్చుంటుంది, పొటాషియం బయటికి వచ్చి క్లోరిన్‌తో జట్టుకట్టి పొటాషియం క్లోరైడ్ అవుతుంది. చల్లారాక నీళ్లు పోసి కడిగితే ఎరువు నీళ్లలోకి దిగుతుంది. ఇంకో దారి సున్నంతో కలిపి, ఒత్తిడి పెట్టిన ఆవిరి పాత్రలో 200 డిగ్రీల దగ్గర ఉడికించడం. అమెరికాలోని ఎంఐటీలో ఆంట్వాన్ అలనోర్ బృందం దీని మీద చాలా పని చేసింది. పొటాష్ గనులు అరకొరగా ఉండి, దిగుమతుల మీద బతికే బ్రెజిల్ నేలల్ని దృష్టిలో పెట్టుకుని మొదలైన పని అది.

వేడి కావాలి సరే, ఆ వేడి మైక్రోవేవ్‌తో ఇస్తే?

పేచీ ఇక్కడే వస్తుంది. 1988 పట్టికలోనే పొటాష్ ఫెల్డ్‌స్పార్‌కు ఏడు నిమిషాలకు వచ్చింది 67 డిగ్రీలు. పలుగురాయికి 79. పొడి కాల్షియం క్లోరైడ్‌కు రెండు నిమిషాల లోపు 32. కాల్చాల్సిన రాయీ వేడెక్కదు, కలపాల్సిన ఉప్పూ వేడెక్కదు, చివరకు రావాల్సిన ఎరువూ వేడెక్కదు!

అందుకని మధ్యలో ఒక దళారి కావాలి. రాతిపొడిలో కాస్త బొగ్గుపొడి కలపడమో, సరుకును సిలికాన్ కార్బైడ్ మూసలో పెట్టడమో చేస్తారు. ముందు తరంగాలను ఆ బొగ్గో, ఆ మూసో తాగి ఎర్రబడుతుంది. దాని సెగకు పక్కనున్న పొడి వేడెక్కుతుంది. మైక్రోవేవ్ పాప్‌కార్న్ పొట్లంలో ఒకవైపు గట్టిగా, బూడిద రంగులో ఒక పలక అతికించి ఉంటుంది చూశారా, దాని పనీ అదే. అందులో సన్నని లోహపు పొర ఉండి, అది వేడెక్కి గింజల్ని పేలుస్తుంది.

ఒకసారి వేడి పట్టుకున్నాక కథ మారిపోతుంది. 770 డిగ్రీలు దాటితే కాల్షియం క్లోరైడ్ కరుగుతుంది. కరిగిన ఉప్పులో అయాన్లకు స్వేచ్ఛ వస్తుంది, అప్పటిదాకా తరంగాలను పట్టించుకోనిదే ఇప్పుడు గటగటా తాగుతుంది. తాగిన కొద్దీ వేడెక్కుతుంది, వేడెక్కిన కొద్దీ ఇంకా తాగుతుంది. గాజు సీసాతో ఈ విద్య ప్రదర్శించేవాళ్లు ఉన్నారు. మామూలుగా ఓవెన్‌లో గాజుకు ఏమీ కాదు. ఒక మూల టార్చి మంటతో ఎర్రగా కాల్చి పెడితే ఆ మూల నుంచే మొత్తం కరిగి కూలబడుతుంది. ప్రయోగశాలలో ఇది ముచ్చటే, ఫ్యాక్టరీలో మాత్రం తలనొప్పి. ఒకచోట రాయి కరిగి ముద్దయిపోతుంది, పక్కనే జానెడు దూరంలో పచ్చిగా ఉండిపోతుంది. సరుకును తిప్పుతూ, కదుపుతూ ఉండాలి, ఎప్పటికప్పుడు లోపలి వేడి కొలుస్తూ ఉండాలి.

పచ్చరాయి సంగతి

ఫెల్డ్‌స్పార్ ఒక్కటే దిక్కు కాదు. గ్లాకొనైట్ అనే పచ్చటి ఖనిజం ఉంది, ఒకప్పుడు సముద్రం అడుగున ఏర్పడినది. గుజరాత్ కచ్‌లో, మధ్యప్రదేశ్ సీధీలో, ఉత్తరప్రదేశ్ సోన్‌భద్రలో నిల్వలున్నాయి. పొటాష్ శాతం ఫెల్డ్‌స్పార్‌లో సగం కూడా ఉండదు, కానీ పొరలు పొరలుగా ఉండే కట్టుబడి కాబట్టి లొంగదీయడం తేలిక. 2023లో గనుల చట్టాన్ని సవరించినప్పుడు కేంద్రం గుర్తించిన 24 కీలక ఖనిజాల జాబితాలో లిథియం, కోబాల్టుల పక్కన గ్లాకొనైట్‌కూ పొటాష్‌కూ చోటిచ్చారు. ఫోన్ బ్యాటరీకి ఉన్నంత విలువ పొలానికీ ఉందని చట్టం ఒప్పుకుందనుకోవచ్చు.

కరెంటు బిల్లు ఎంత?

మైక్రోవేవ్‌తో రాతి నుంచి పొటాష్ తీయడం గురించి రాసేవాళ్లు సాధారణంగా వదిలేసే ప్రశ్న ఇది. కాస్త లెక్క వేద్దాం. కాగితం మీద ఎవరైనా వేసుకోగలిగిన లెక్కే.

మంచి రకం ఫెల్డ్‌స్పార్‌లో 12 శాతం పొటాష్ ఉందనుకుందాం. టన్నుకు 120 కిలోలు. 50 కిలోల మ్యూరియేట్ కట్టలో 30 కిలోల పొటాష్ ఉంటుంది. అంటే టన్ను రాయి మొత్తం పిండితే, ఒక్క గ్రాము కూడా పోకపోతే, నాలుగు కట్టలకు సమానం. టన్ను రాయికి టన్ను కాల్షియం క్లోరైడ్ కలిపి 900 డిగ్రీలకు తీసుకెళ్లాలంటే ఆ రెండు టన్నులు వేడెక్కడానికే దాదాపు 480 యూనిట్ల శక్తి కావాలి. ప్లగ్గులో నుంచి లాగిన కరెంటంతా రాతిలోకి చేరదు, వందకు అరవై చేరితే సంతోషించాలి. కాబట్టి మీటరు మీద తిరిగేది 800 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలనుకుంటే 5,600 రూపాయలు. ఇటీవలి ఏళ్లలో మ్యూరియేట్ కట్ట ధర 1,500 నుంచి 1,800 రూపాయల మధ్య తిరిగింది. నాలుగు కట్టలకు ఆరు వేల నుంచి ఏడు వేల చిల్లర.

కరెంటు ఒక్కటే దాదాపు ఎరువంత ఖరీదు. రాయి తవ్వకం, పొడి కొట్టడం, కాల్షియం క్లోరైడ్ కొనడం, కడిగి ఎండబెట్టడం ఇంకా లెక్కలోకి రానే లేదు. చల్లారే రాతి వేడిని మళ్లీ వాడుకుంటే బిల్లు కొంత తగ్గుతుంది, నిజమే. అయినా ప్రయోగశాలలో గ్రాముల్లో గెలిచినది గోడౌన్‌లో టన్నుల్లో ఎందుకు కనబడటం లేదో ఈ ఒక్క లెక్కతో అర్థమైపోతుంది. నా మటుకు నేను, రాయిని నేరుగా మైక్రోవేవ్‌లో కాల్చి మ్యూరియేట్‌తో పోటీ పడతామనేవాళ్లను ముందు కరెంటు బిల్లు చూపించమంటాను.

రాళ్లను పగలగొట్టడానికి మాత్రం మైక్రోవేవ్ కొంత అక్కరకు వస్తుంది. ఒకే రాతిలో తరంగాలు తాగే ఖనిజమూ తాగని ఖనిజమూ పక్కపక్కన ఉంటే, ఒకటి వేడెక్కి ఉబ్బుతుంది, రెండోది ఉబ్బదు. మధ్యలో బీటలు వారతాయి. ఆ తర్వాత పిండి కొట్టడం తేలిక. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వాళ్లు రాగి ఖనిజాల మీద ఏళ్ల తరబడి చేసిన పని ఇదే.

పోటీదారు ఎవరో కూడా చూడాలి

కెనడాలోని సస్కచెవాన్‌లో కిలోమీటరు లోతున, 40 కోట్ల ఏళ్లకు దగ్గరపడుతున్న పాత సముద్రపు ఉప్పు పొరలున్నాయి. అక్కడ పొటాష్ ఏ రాతి గూట్లోనూ లేదు, నేరుగా పొటాషియం క్లోరైడ్‌గానే ఉంది. మామూలు ఉప్పు నుంచి వేరు చేస్తే చాలు. ఉప్పు నిండుగా కరిగిన నీళ్లలో ఈ మిశ్రమం పోసి, పశువుల కొవ్వు నుంచి తీసిన అమైన్లు కలిపి బుడగలు పంపితే, పొటాష్ రేణువులు బుడగలకు అంటుకుని పైకి తేలతాయి, ఉప్పు అడుగున ఉండిపోతుంది. తేలిన నురగ తీసేసుకోవడమే. వేడి నీళ్ల పద్ధతి కూడా ఉంది. 100 మిల్లీలీటర్ల నీళ్లలో 20 డిగ్రీల దగ్గర 34 గ్రాములు కరిగే పొటాషియం క్లోరైడ్, 100 డిగ్రీల దగ్గర 56 గ్రాములు కరుగుతుంది. ఉప్పు చల్లటి నీళ్లలో, వేడి నీళ్లలో దాదాపు ఒకేలా కరుగుతుంది. మరిగించి చల్లార్చితే పొటాష్ విడిగా స్ఫటికాలు కట్టి దిగుతుంది.

అమెరికాలోని యూటా రాష్ట్రం మోయాబ్ దగ్గర ఈ పని ఎండే చేస్తుంది. భూమిలోకి నీళ్లు పంపి పొటాష్‌ను కరిగించి పైకి తోడి, మడుల్లో నిలబెడతారు. ఎండను ఎక్కువ పీల్చుకోవాలని ఆ నీళ్లకు నీలిరంగు కలుపుతారు. ఎర్రటి ఎడారి మధ్యలో ఆ నీలిమడులు విమానంలోంచి కూడా కనబడతాయి.

యుద్ధమొస్తే రాయైనా, నాచైనా

1861లో జర్మనీలోని స్టాస్‌ఫుర్ట్‌లో మొదలైన పొటాష్ పరిశ్రమ ప్రపంచాన్ని యాభై ఏళ్ల పాటు తన గుప్పిట్లో పెట్టుకుంది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం రావడంతో సరఫరా ఆగిపోయింది. అమెరికాలో టన్ను 40 డాలర్ల చిల్లర ఉన్నది 500 దగ్గరికి పోయింది. అంతే, కనబడిన ప్రతిదాంట్లోనూ పొటాష్ వెతకడం మొదలుపెట్టారు. నెబ్రాస్కాలో చౌడు చెరువుల నీళ్లు కాచారు. ఆంటియోక్ అనే ఊరు ఆ పొటాష్ మీదే వెలిసి, యుద్ధం అయ్యాక శిథిలాలుగా మిగిలింది. కాలిఫోర్నియా తీరంలో కెల్ప్ అనే సముద్రపు నాచును ఓడలతో కోసి తెచ్చి, అందులోంచి పొటాష్‌నూ, తుపాకీ మందుకు కావలసిన అసిటోన్‌నూ తీశారు. రివర్‌సైడ్‌లో సిమెంట్ ఫ్యాక్టరీ పొగగొట్టం దుమ్మును కాట్రెల్ అనే శాస్త్రవేత్త కనిపెట్టిన విద్యుత్ యంత్రంతో పట్టి, ఆ దుమ్ములోంచి పొటాష్ తీశారు. ఆ దుమ్ములో పొటాష్ ఎలా వచ్చిందంటారా? సిమెంటు ముడిసరుకులో ఉన్న రాతి ఖనిజాలు బట్టీ వేడికి పొటాషియంను ఆవిరిగా వదిలాయి. రాయి నుంచి పొటాష్ తీయడం కొత్త విద్యేమీ కాదు, చౌక పొటాష్ దొరికినప్పుడల్లా మూలన పడే విద్య.

అంతకుముందు అయితే ఏముంది, బూడిదే. అమెరికాలో 1790లో ఇచ్చిన మొట్టమొదటి పేటెంట్ శామ్యూల్ హాప్కిన్స్‌కు, కట్టెల బూడిద నుంచి పొటాష్ తీసే పద్ధతి మీద. సంతకం జార్జి వాషింగ్టన్‌ది.

రేడియేషన్ భయం ఎవరికి ఉండాలి?

మైక్రోవేవ్‌లో పెట్టిన అన్నం తింటే రేడియేషన్ ఒంట్లోకి పోతుందని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మైక్రోవేవ్‌కు ఏ వస్తువునూ రేడియోధార్మికంగా మార్చే శక్తి లేదు. పొటాషియంకు మాత్రం ఆ గుణం పుట్టుకతోనే ఉంది. దాదాపు ప్రతి పదివేల పొటాషియం పరమాణువుల్లో ఒకటి పొటాషియం-40, దాని అర్ధాయువు 125 కోట్ల ఏళ్లు. ఒక మ్యూరియేట్ కట్టలో సెకనుకు ఏడు లక్షలకు పైగా పరమాణువులు విచ్ఛిన్నమవుతూ ఉంటాయి. గాభరా పడకండి, ఈ వాక్యం చదువుతున్న మీ ఒంట్లోనూ సెకనుకు నాలుగు వేల పైచిలుకు అవుతున్నాయి. పొటాషియం లేకుండా గుండె కొట్టుకోదు మరి.

ద్రాక్షపండులో మెరుపు

ద్రాక్షపండును సగానికి కోసి, తొక్క దగ్గర కొంచెం అతుకు ఉంచి ఓవెన్‌లో పెడితే నిప్పు బంతి లేస్తుంది. ఎందుకో చెప్పే పరిశోధన కెనడా శాస్త్రవేత్తలది 2019లో వచ్చింది. నీటితో నిండిన రెండు ముక్కలు తాకే చోట తరంగాల శక్తి చుక్కంత జాగాలో పోగవుతుంది. అక్కడ పండులోని సోడియం, పొటాషియం ప్లాస్మాగా మారి వెలుగుతాయి. ఇంట్లో ప్రయత్నించవద్దు, ఓవెన్ పాడవుతుంది.

మైక్రోవేవ్‌కు నిజంగా నప్పే సరుకు

అరటి బోదె, అరటి తొక్క, పత్తికట్టె, కొబ్బరి డొక్క. వీటిల్లో పొటాషియం బాగా ఉంటుంది, అదీ రాతి గూట్లో కాదు, నీళ్లతో కడిగితే వచ్చేసే రూపంలో. అస్సాంలో అరటి తొక్కల బూడిదను నీళ్లలో వడగట్టి కొలాఖార్ అనే క్షారం చేసి వంటల్లోనే వాడతారు. మన పెరళ్లలో పొయ్యి బూడిద బీరపాదుకూ, సొరపాదుకూ వేసేవాళ్లు. పచ్చి బోదెలో నీళ్లు ఎక్కువ కాబట్టి మైక్రోవేవ్ తేలిగ్గా పట్టుకుంటుంది. నీళ్లు ఆరేసరికి కొంత భాగం బొగ్గుగా మారుతుంది, ఆ బొగ్గు మళ్లీ తరంగాలను తాగుతుంది. రాతికి బయటి నుంచి తెచ్చి పెట్టాల్సిన దళారి ఇక్కడ సరుకులోనే పుడుతుంది. వేడి మాత్రం మితిమీరకూడదు. పొటాషియం క్లోరైడ్ 770 డిగ్రీల దగ్గర కరిగి, ఆపైన ఆవిరవుతుంది. ఎరువు కోసం కాల్చి ఎరువునే గాలికి వదిలినట్టవుతుంది.

పొగాకు రైతు ఎందుకు మ్యూరియేట్ కొనడు?

క్లోరిన్ ఎక్కువైతే ఆకు సరిగ్గా కాలదు. ప్రకాశం, గోదావరి జిల్లాల వర్జీనియా పొగాకుకు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వేసేది అందుకే.

డిస్టిలరీ బూడిద

చెరకు మడ్డి నుంచి ఆల్కహాలు తీసే డిస్టిలరీల్లో లీటరు ఆల్కహాలుకు ఎనిమిది నుంచి పదిహేను లీటర్ల ముదురు గోధుమ రంగు వ్యర్థజలం మిగులుతుంది. దాన్ని కాలువల్లోకి వదలకూడదని కట్టడి చేశాక ఫ్యాక్టరీలు చిక్కబరిచి బాయిలర్లలో తగలబెట్టడం మొదలుపెట్టాయి. మిగిలిన బూడిదలో చెరకు నేల నుంచి లాక్కున్న పొటాష్ అంతా ఉంటుంది. దానికి పీడీఎం అని పేరు పెట్టి, 14.5 శాతం పొటాష్ ఉండేలా గుళికలు కట్టి అమ్ముతున్నారు. 2024 జనవరిలో చక్కెర మిల్లులూ ఎరువుల కంపెనీలూ కలిసి టన్నుకు 4,263 రూపాయల ధరకు ఒప్పుకున్నట్టు కేంద్రం ప్రకటించింది. విదేశీ మారకం లేదు, మైక్రోవేవ్ లేదు, కాల్చేది ఎలాగూ కాల్చాల్సిన వ్యర్థమే. చిక్కు ఒక్కటే, ఒక మ్యూరియేట్ కట్ట బదులు నాలుగు పీడీఎం కట్టలు పొలందాకా మోయాలి. ఆటో కిరాయి, చల్లే కూలి అంతమేరకు పెరుగుతాయి.